మరమనిషీ, మన పిల్లలూ

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాడికి మరమనుషులతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. రెండేళ్ళ కిందటి దాకా నేనూ అదే అడిగేవాణ్ణి. ప్రబంధాలూ, ఛందస్సూ చెప్పుకునేవాడు పళ్ళచక్రాల జోలికి పోవటం హాస్యాస్పదమని నా నమ్మకం. 2023లో నాలుగు నెలలపాటు వొక పల్లెటూరి హైస్కూలు పిల్లల వెంట తిరిగిన తరవాత ఆ నమ్మకం పోయింది. అది పోయినందుకు నాకు విచారం లేదు. కాని దాని స్థానంలో వచ్చి కూర్చున్న ప్రశ్న వొకటి యింకా నన్ను వదలలేదు. దాన్ని పాఠకుల ముందు పెట్టటానికే యీ వ్యాసం.

మొదట మాట సంగతి చెబుతాను, మాటలే నా వృత్తి గనక. 'రోబో' అనే మాట ఇంగ్లీషువాళ్ళది కాదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో 'ఆర్. యు. ఆర్.' అనే నాటకం రాశాడు. 1921 జనవరిలో ప్రాగ్ నగరంలో దాన్ని ప్రదర్శించారు. మనుషుల పని చేయటానికి ఫాక్టరీలో తయారైన జీవులకు ఏం పేరు పెట్టాలా అని ఆయన తడుముకుంటూంటే అన్న జోసెఫ్ 'రోబోత్' అనమన్నాడు. చెక్ భాషలో 'రోబోతా' అంటే రైతు తన దొర పొలంలో కూలి లేకుండా చేసి తీరవలసిన చాకిరి. హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల రాజ్యంలో యీ చాకిరి 1848 దాకా చట్టబద్ధంగా సాగింది.

దీనికి నిఘంటువులో వెతుక్కోవలసిన అవసరం లేకుండా మనకు తెలుగు మాట వుంది: వెట్టి. నైజాం పల్లెల్లో దొరల గడీల ముందు మన తాతల తరం చేసిందీ, 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణా రైతాంగ పోరాటం కూలదోయటానికి పూనుకున్నదీ ఆ వెట్టినే. కనక 'రోబో'కు నిక్కమైన తెలుగు మరమనిషి కాదు, వెట్టివాడు. చాపెక్ నాటకంలో ఆ వెట్టివాళ్ళు తిరగబడతారు. యీ సంగతి నేను తరగతిలో చాలాసార్లు చెప్పాను. విద్యార్థులు నవ్వేవారు, నేనూ తృప్తిపడేవాణ్ణి. మాట పుట్టుక చెప్పగానే వస్తువు అర్థమైపోయిందనుకోవటం మా వృత్తిలో వున్నవాళ్ళకు సహజమైన జబ్బు.

మా చెల్లెలు గుంటూరు జిల్లాలో వొక జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతుంది. ఆ వూరినుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడ్డ వొకాయన తన కూతురు ఆడి వదిలేసిన లెగో మైండ్‌స్టార్మ్స్ పెట్టెలు రెండు బడికి పంపించాడు. ఆ పెట్టెలు ఏడాదిన్నరపాటు బీరువాలో, బీరువా తాళంలో, తాళంచెవి పెద్దవారి జేబులో వుండిపోయాయి. ముక్క పోతే ఆడిటుకు ఎవరు జవాబు చెప్పాలని వారి భయం. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయలేను. పగిలిన గాజు బీకరుకు సైతం సంజాయిషీ రాసుకోవలసిన చోట సైన్సు సామాను బీరువాలోనే భద్రంగా వుంటుంది. మా చెల్లెలు తన పూచీ మీద ముక్కలన్నీ లెక్కపెట్టి, జాబితా రాసి, సంతకం పెట్టి వాటిని బయటికి తెచ్చింది.

తరవాత నాకు ఫోను చేసింది. "అన్నయ్యా, పిల్లలతో పోటీకి వెళదామనుకుంటున్నాను. యంత్రం సంగతి మేం చూసుకుంటాం. జడ్జీల ముందు మాట్లాడటం కూడా వుందట. దానికి నువ్వు రావాలి."

యీ పోటీల పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి. అమెరికాలో డీన్ కామెన్ అనే యంత్ర నిర్మాత 1989లో 'ఫస్ట్' అనే సంస్థ పెట్టాడు. ఆటగాళ్ళకూ సినిమా తారలకూ జేజేలు కొట్టే పిల్లలు సైన్సుకు ఎందుకు కొట్టరని ఆయన బాధ. 1992లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో వొక హైస్కూలు వ్యాయామశాలలో 28 జట్లతో మొదటి పోటీ జరిగింది. ఆయనకు తోడు నిలిచినవాడు ఎం.ఐ.టి.లో ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్. విద్యార్థుల చేతికి తలా కాసిని ముక్కలిచ్చి, యంత్రాలు కట్టించి, పోటీ పెట్టి డిజైను పాఠం చెప్పటం ఆయన తన తరగతిలో అంతకు ముందే చేసివున్నాడు. 2019లో చనిపోయాడు. చిన్న పిల్లలకోసం 1998లో లెగో కంపెనీతో కలిసి యింకో పోటీ మొదలుపెట్టారు. దాన్ని ఫస్ట్ లెగో లీగ్ అంటారు. మేము వెళ్ళింది ఆ తరహాలో నడిచే పోటీకే.

దాని పద్ధతి యిది. యించుమించు ఎనిమిదడుగుల పొడుగూ నాలుగడుగుల వెడల్పూ వున్న బల్ల మీద పటం పరిచి వుంటుంది. పటం మీద అక్కడక్కడా బొమ్మలు. మీట నొక్కాలి, బరువు తొయ్యాలి, వస్తువు తెచ్చి గూట్లో పెట్టాలి. యివన్నీ రెండున్నర నిమిషాల్లో యంత్రం తనంతట తాను చేయాలి. దూరంనుంచి నడిపే వీలు లేదు. గూడు దాటిన యంత్రాన్ని చేత్తో పట్టుకుంటే మార్కులు పోతాయి. మూడుసార్లు ఆడనిచ్చి ఎక్కువ వచ్చిన దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అంతటితో అయిపోదు. ఆ ఏడు యిచ్చిన విషయం మీద పిల్లలు తమ వూరి సమస్య వొకటి ఎన్నుకుని పరిష్కారం ఆలోచించి జడ్జీలకు వివరించాలి. జట్టుగా ఎలా పనిచేశారో చెప్పాలి. వొక్కడే మొనగాడైన జట్టుకు ముందుకు వెళ్ళటం కష్టం.

మా జట్టులో ఆరుగురు. ముగ్గురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు, ఎనిమిదీ తొమ్మిదీ తరగతులవాళ్ళు. మొదటి వారం ఏం జరగాలో అదే జరిగింది. మగపిల్లలు యంత్రం చుట్టూ చేరారు, ఆడపిల్లలు స్కెచ్ పెన్నులు తీసుకుని చార్టు రాయటానికి కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు. మా చెల్లెలు కూడా యంత్రాలతో పెరిగినదేమీ కాదు. మా యింట్లో స్క్రూడ్రైవరు నా చేతికిచ్చేవారు, చీపురు దాని చేతికి. అది మర్నాడే వొక నియమం పెట్టింది. ప్రతి వారమూ పనులు మారాలి. పోయినవారం చార్టు రాసినవాళ్ళు యీ వారం చక్రాలు బిగించాలి. అలిగినవాళ్ళు అలిగారు. మూడో వారానికి ఆ అలక కూడా పోయింది, పనిలో పడి.

నేను వాళ్ళకు మాటలు నేర్పటానికి వెళ్ళినవాణ్ణి. కాని మొదటి నెల రోజులూ నేర్చుకున్నది నేనే. వొకటి రెండు వుదాహరణలు చెబుతాను.

యంత్రం గూటినుంచి బయలుదేరి 88 సెంటీమీటర్లు వెళ్ళి ఆగాలి. చక్రాన్ని ఎన్ని చుట్లు తిరగమనాలి? పిల్లలు మొదట అందాజుగా నాలుగు చుట్లన్నారు. చాలలేదు. ఆరన్నారు. వెళ్ళి గోడను గుద్దింది. పూలమ్మే యింటి పిల్ల వొకత్తె జడలోని దారం తీసి చక్రం చుట్టూ వొక చుట్టు చుట్టి, స్కేలు మీద పరిచి చూసింది. పదిహేడున్నర సెంటీమీటర్లకు రవంత ఎక్కువ వచ్చింది. చక్రం మీద 56 మిల్లీమీటర్లని రాసి వుంది. "మాడమ్, యిది 'పై' కదండీ!" అన్నది. చక్రం అడ్డుకొలతకు మూడు రెట్ల పైచిలుకు దారం పట్టింది. అయిదు చుట్లు అని నింపారు. యంత్రం గీత మీదికి వెళ్ళి ఆగింది.

నేను పదో తరగతిలో ఆ గుర్తు కింద వందల లెక్కలు చేసినవాణ్ణి. మంచి మార్కులు కూడా వచ్చాయి. అది వొక చక్రం చుట్టూ దారంలా తిరిగివుండే వస్తువని నాకు ముప్ఫయి నాలుగో ఏట ఆ పిల్ల జడదారం చెప్పింది.

యింకో సంగతి. బరువు తొయ్యటానికి యంత్రం చేతికి బలం చాలలేదు. పన్నెండు పళ్ళ చక్రంతో ముప్ఫయ్యారు పళ్ళ చక్రాన్ని తిప్పితే వేగం మూడోవంతుకు తగ్గుతుంది, రాపిడి పోగా బలం మూడు రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. పుస్తకంలో ఇంగ్లీషులో వున్న యీ మాట ఎవరికీ ఎక్కలేదు. ట్రాక్టరు మెకానిక్కు కొడుకు వొకడు నవ్వేసి, "దుక్కిలో ఫస్టు గేరు వేస్తారు చూడండి, అదేనండీ" అన్నాడు. మిగిలినవాళ్ళకు వెంటనే అర్థమైంది. ఆ కుర్రవాడు లెక్కల్లో ఎప్పుడూ వెనక బల్ల. బడి వాడి తండ్రి వృత్తిని ఏనాడూ విద్యగా లెక్కపెట్టలేదు. ఆ రోజు లెక్కపెట్టింది.

యిక్కడ సేమూర్ పాపర్ట్ పేరు చెప్పక తప్పదు. 1928లో దక్షిణాఫ్రికాలో పుట్టి, వర్ణవివక్షను యువకుడుగా వుండగానే వ్యతిరేకించి, జెనీవాలో పియాజే దగ్గర పిల్లల ఆలోచనా విధానం అధ్యయనం చేసి, ఎం.ఐ.టి.కి చేరినవాడు. 1967లో తోటివాళ్ళతో కలిసి పిల్లలకోసం 'లోగో' అనే కంప్యూటరు భాష తయారుచేశాడు. 1980లో 'మైండ్‌స్టార్మ్స్' అనే పుస్తకం రాశాడు. లెగోవాళ్ళు 1998లో తమ పెట్టెకు పెట్టుకున్నది ఆ పుస్తకం పేరే. తాను చిన్నప్పుడు పళ్ళచక్రాల మీద ప్రేమతో లెక్కలు నేర్చుకున్నానని ఆయన ముందుమాటలో చెప్పుకున్నాడు. కంప్యూటరు పిల్లవాణ్ణి నడపకూడదు, పిల్లవాడే కంప్యూటరును నడపాలి, తప్పు జరిగితే అది సిగ్గుపడవలసిన విషయం కాదు, వెతికి సరిదిద్దుకోవలసిన విషయం అని ఆయన సిద్ధాంతం.

మన బళ్ళలో తప్పుకు ఎర్రసిరా గీత వుంది. గీత పడ్డ తరవాత ఆ తప్పును మళ్ళీ ఎవరూ చూడరు. యంత్రం గోడను గుద్దితే ఎర్రసిరా పనిచేయదు. మళ్ళీ చూడాలి, కారణం పట్టుకోవాలి. కారణం తనలో వుందా, పక్కవాడు బిగించిన మరలో వుందా అని ఆరుగురూ కూర్చుని తేల్చుకోవాలి. 1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవటం పౌరుల విధి అన్నది. ఆ మాటను పిల్లలు పౌరశాస్త్రంలో బట్టీపట్టి రాస్తారు. నేను దాన్ని పనిలో చూసింది అక్కడే.

భాష సంగతి కూడా ముచ్చటగా జరిగింది. పెట్టెలోని సూచనలన్నీ ఇంగ్లీషు. వెలుగును కొలిచే సెన్సారును పిల్లలు 'కన్ను' అన్నారు. తాకితే తెలుసుకునే దాన్ని 'వేలు' అన్నారు. వొకే పని తిరిగి తిరిగి చేయించే ఆజ్ఞను 'గానుగ' అన్నారు. నేను పారిభాషిక పదకోశాలు తిరగేసి సంస్కృత సమాసాలు కొన్ని తీసుకువెళ్ళాను. మర్యాదకు రాసుకున్నారు, వాడలేదు. కొడవటిగంటి కుటుంబరావు సైన్సును మామూలు తెలుగులో చెప్పటానికి ఎంత పాటుపడ్డాడో నేను ఎం.ఏ.లో చదివాను. ఆ పాటు ఎందుకు పడవలసివచ్చిందో యీ పిల్లల దగ్గర తెలిసింది. వాళ్ళు మాటను అనువదించటం లేదు. వస్తువు చేతిలో వుంది, అది చేసే పని కళ్ళముందు వుంది, కాబట్టి పేరు నోటికి వస్తున్నది.

యిప్పుడు నా తప్పు చెప్పాలి.

ఆ ఏడు పోటీ విషయం నీరు. మా పిల్లలు ఎన్నుకున్నది వూళ్ళో మంచినీళ్ళ ట్యాంకు. ట్యాంకు నిండిన తరవాత కూడా మోటారు నడుస్తూ నీళ్ళు పొర్లిపోతూంటాయి. బంతి తేలే కొద్దీ 'వేలు' నొక్కుకుని మోటారు ఆగిపోయే నమూనాను వాళ్ళు వొక ప్లాస్టిక్ బకెట్లో తయారుచేశారు. కరెంటు జోలికి పోకుండా, బొమ్మ మోటారుతోనే. అది చక్కగా పనిచేసింది. దాన్ని జడ్జీలకు వివరించవలసిన వుపన్యాసం నేను రాశాను.

పిల్లలచేత రాయించి దిద్దవలసింది. అట్లా మొదలుపెట్టాను కూడా. కాని వాళ్ళ వాక్యాలు నాకు నచ్చలేదు. 'మోటారాయన నిద్రపోతే నీళ్ళు పోతాయండి' అని రాసుకొచ్చారు. వ్యవధి లేదనే మిష మీద పేజీన్నర వుపన్యాసం నేనే రాసి బట్టీపట్టించాను. 'అమూల్యమైన జలసంపద', 'యాంత్రిక విజ్ఞానం మానవ శ్రమకు ప్రసాదించే విముక్తి' వంటి మాటలు అందులో పుష్కలంగా వున్నాయి. వేరే రచయిత రాసివుంటే యీ పత్రికలోనే దాన్ని డొల్ల అలంకారమని విమర్శించి వుండేవాణ్ణి.

పోటీ వొక పెద్ద కాలేజీ హాల్లో జరిగింది. మా వాళ్ళు తప్ప మిగిలిన జట్లలో ఎక్కువభాగం ఫీజులు దండిగా తీసుకునే ప్రైవేటు బళ్ళనుంచి వచ్చినవి. ఒకే రంగు చొక్కాలు, కొత్త రకం పెట్టెలు. మా పెట్టెలు 2013 నాటి నమూనా. లెగోవాళ్ళు 2022 చివరితో ఆ మైండ్‌స్టార్మ్స్ వరసే ఆపేశారు. వాళ్ళలో వొక జట్టు వెనక వాళ్ళ శిక్షకుడు నిలబడి ప్రతి ఆజ్ఞా తానే మారుస్తూంటే పిల్లలు వూరికే చూస్తూ వున్నారు. "చూశావా, కూలికి కట్టించుకొచ్చారు" అని మా చెల్లెలితో ఘనంగా అన్నాను. అది నా వైపు వొకసారి చూసి వూరుకున్నది. ఆ చూపు నాకు సాయంత్రానికి అర్థమైంది.

ఆట మొదలుపెట్టే ముందు మాతో వచ్చిన వొక మాస్టారు జేబులోంచి పొట్లం తీసి యంత్రానికి కుంకుమ బొట్టు పెట్టబోయారు. "కంటికి పెట్టకండి మాస్టారూ, కనపడదు" అని జడదారం పిల్ల దాన్ని గభాలున వెనక్కు లాక్కున్నది. ఆయన నొచ్చుకోలేదు. "ఐతే నెత్తిన పెడతాలే" అన్నారు. పెట్టారు. హేతువాదానికీ ఆచారానికీ మధ్య నేను చూసిన రాజీల్లోకెల్లా మర్యాదైనది అదే.

బొట్టు పనిచేయలేదు. బడిలో నల్లగీత మీద మా 'కన్ను' 8 అని చూపించేది, తెల్లకాగితం మీద 60. రెంటికీ మధ్య 34 హద్దుగా పెట్టుకుని, అంతకు తగ్గితే గీత వచ్చినట్టని యంత్రానికి చెప్పారు. ఆ హాల్లో బల్లకు నెత్తిమీదే పెద్ద దీపాలు. పటం కొత్తది, నిగనిగలాడుతున్నది. నల్లగీత మీద కూడా 36 వచ్చింది. యంత్రానికి గీత ఎక్కడా కనపడలేదు. బల్ల అంచుదాకా వెళ్ళి చెక్కను గుద్దుకుంటూ రెండున్నర నిమిషాలూ గడిపింది.

పిల్లలు ఏడుస్తారనుకున్నాను. వాళ్ళు పటం దగ్గరికి వెళ్ళి అంకెలు రాసుకుంటున్నారు. అప్పుడు ఆ ఒకే రంగు చొక్కాల కుర్రవాడు, నేను కూలికి కట్టించుకొచ్చారన్న జట్టులోవాడు, వచ్చి, "కన్ను చుట్టూ నల్ల ముక్కలు గోడలా కట్టండి, పైవెలుగు పడదు. మాకూ పోయినేడు యిట్లాగే అయింది" అన్నాడు. తన పెట్టెలోంచి ముక్కలు తీసి తానే యిచ్చాడు. తీవ్రంగా పోటీపడుతూనే ఎదుటివాడి పట్ల మర్యాదగా వుండటాన్ని ఫ్లవర్స్ యీ పోటీలకు మూలసూత్రంగా పెట్టాడు. పెద్ద పిల్లల పోటీలో మూడేసి జట్లను చీట్లు తీసినట్టు కలిపి ఆడిస్తారు. యీ ఆటలో శత్రువు పై ఆటలో తోడు. యిదంతా పెట్టుబడిదారీ పోటీకి వేసిన తీపిపూత అని నేను చదివినప్పుడు అనుకున్నాను. ఆ కుర్రవాడి చేతిలోని నల్లముక్కలు చూసిన తరవాత అంత తేలిగ్గా అనలేకపోయాను.

రెండో ఆటలో యంత్రం గీత పట్టుకుంది. మూడోదానిలో, తొందరలో సరిగా బిగించని చక్రం వూడింది. మొత్తం మీద మా వాళ్ళు మధ్యలో ఎక్కడో నిలిచారు.

తరవాత జడ్జీల గది. ట్యాంకు గురించి మాట్లాడవలసిన పిల్ల నా పేజీన్నరా తడబడకుండా అప్పజెప్పింది. జడ్జీల్లో వొక పెద్దావిడ అంతా విని, "అమ్మా, మానవ శ్రమకు విముక్తి అన్నావు. యీ పరికరం పెడితే యిప్పుడు మోటారు వేసే మనిషి ఏమవుతాడు?" అని అడిగింది.

పిల్ల నా వైపు చూసింది. నేను తలుపు దగ్గర నిలబడి వున్నాను. నా వుపన్యాసంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. నా బుర్రలో కూడా లేదు. చాపెక్ నాటకం తరగతిలో చెప్పి మెప్పు పొందేవాణ్ణి, విముక్తి అని రాసేటప్పుడు ఆ మనిషి నాకు తట్టనే లేదు.

చాలాసేపటికి ఆ పిల్ల అన్నది: "ఆయన మా నాన్నేనండీ. రాత్రి రెండింటికి లేచి వెళ్ళి ఆపి వస్తాడు. యిది పెడితే పడుకోవచ్చు. కాని జీతం ఆపుతారేమో తెలియదండీ. మేం అడగలేదు."

నాలుగు నెలలుగా నాకు యీ సంగతి తెలియదు. ఆ పిల్ల తండ్రి పంచాయతీ పంపు ఆపరేటరని మా చెల్లెలికి తెలుసు. పిల్లలందరికీ తెలుసు. 'మోటారాయన నిద్రపోతే నీళ్ళు పోతాయండి' అనే వాక్యం ఆయన కూతురు రాసినది. నేను దాన్ని గ్రామ్యమని కొట్టేశాను.

మాకు బహుమతి రాలేదు. వచ్చేటప్పుడు బస్సులో పిల్లలు మామూలుగానే పాటలు పాడుకున్నారు. మర్నాడు నలుగురు కలిసి ఆ మోటారాయన దగ్గరికి వెళ్ళి అడిగారు. ఆయన బకెట్టు నమూనా చూసి చాలా సంతోషించాడట. బంతి ఎక్కడ వేలాడదీయాలో, గొట్టంలో పాచి పట్టి బంతి ఎట్లా యిరుక్కుంటుందో పిల్లలకు తెలియని సంగతులు కొన్ని చెప్పాడట. ఆఖరున, "బాగుందిరా. పెడితే నాకు నిద్ర దక్కుద్ది. పంచాయతీవాళ్ళకి మాత్రం చెప్పమాకండి" అన్నాడట.

యీ పోటీల మీద విమర్శలు లేకపోలేదు. పెట్టె ధర పల్లెటూరి బడికి అందేది కాదు. పోటీని ఆసరా చేసుకుని పెట్టెలు అమ్ముకునేవాళ్ళూ, శిక్షణ పేరుతో ఫీజు గుంజేవాళ్ళూ తయారయ్యారు. 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద ఆరునుంచి పన్నెండు తరగతుల పిల్లలకోసం ప్రయోగశాలలు పెట్టుకోవటానికి బడికి 20 లక్షల రూపాయలదాకా యిస్తున్నారు. 2025 బడ్జెట్‌లో ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్ళలో యింకో 50 వేలు పెడతామన్నారు. మంచిదే. కాని బీరువా తాళం తీసే ధైర్యమూ, తీసినవాళ్ళను శిక్షించని పద్ధతీ గ్రాంటుతో పాటు రావు. వాటికోసం ఉపాధ్యాయులు విడిగా పోట్లాడాలి. యంత్రాలు కట్టే నేర్పును కంపెనీల కొలువుకు తర్ఫీదుగా మాత్రమే చూసే తల్లిదండ్రులు కూడా చాలామంది వున్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు, నెలజీతం తీసుకునే నాకు లేదు.

యిన్ని లోపాలున్నా యీ పనిని నేను సమర్థిస్తాను. ఎందుకంటే, ఉత్పత్తి సాధనాల గురించి మనం వ్యాసాలు రాస్తాం. యీ పిల్లలు వొక చిన్న ఉత్పత్తి సాధనాన్ని విప్పి, బిగించి, దాని లోపల ఏముందో చూశారు. శ్రమ గౌరవం గురించి కథలు రాస్తాం. అక్కడ మెకానిక్కు కొడుకు తండ్రి దగ్గర పట్టుబడ్డ చదువుతో తరగతికి పాఠం చెప్పాడు. అన్నిటికన్నా ముఖ్యం, యంత్రం వస్తే ఎవరికి నిద్ర దక్కుతుంది, ఎవరికి కూడు పోతుంది అనే ప్రశ్న ఆరుగురు పిల్లల ముందు నిజంగా వచ్చి నిలబడింది. వొక బకెట్టూ, బంతీ లేకపోతే అది వాళ్ళ ముందుకు వచ్చేది కాదు. నా ముందుకూ వచ్చేది కాదు.

వెట్టి అనే మాటకు నేను చెప్పుకున్న పాండిత్యం ఆ ప్రశ్న దగ్గర చాలలేదు. దొర పొలంలో వెట్టి చేసినవాడికి వెట్టి పోవటం విముక్తి. రాత్రి రెండింటికి లేచే జీతగాడికి ఆ లేవటం పోవటం ఎప్పుడు విముక్తి అవుతుంది? యంత్రం పనిని తీసుకున్న తరవాత కూడా జీతం మనిషి దగ్గరే వుండాలంటే ఏం చేయాలి? యిది ఇంజనీర్లు తేల్చేది కాదు. పంచాయతీ తేల్చాలి, వూరు తేల్చాలి, రచయితలమని చెప్పుకునే మనం దాన్ని పదిమందిలో పెట్టాలి.

యీ ఏడు మళ్ళీ పిల్లలు కూడారు. పాత జట్టులో యిద్దరు పదోతరగతి దాటి కాలేజీకి వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు వచ్చారు. ట్యాంకుకు బంతి పెట్టాలా వద్దా అనేది యింకా తేలలేదు. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు ఆరుగురిలో ముగ్గురు పెట్టాలన్నారు, ముగ్గురు పంచాయతీ ముందు రాసియిస్తేనే పెట్టాలన్నారు. ఆ రాసియివ్వవలసిన కాగితం నన్ను రాయమన్నారు. నేను ఒప్పుకోలేదు. మీరే రాయండి, అక్షరదోషాలుంటే చూస్తానన్నాను. చిత్తుప్రతి నిన్న మా చెల్లెలు పంపింది. మొదటి వాక్యం 'మోటారాయన నిద్రపోవాలండి' అని వుంది. దాన్ని నేను ముట్టుకోలేదు.